కవర్ కింద ఏం జరుగుతోంది? నిలిపి ఉంచిన ఆర్‌వీ రంగు గురించి

(రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిపెట్టిన ప్రసంగ పాఠం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినిపిస్తోందా? వినిపిస్తోందట. సరే.

ముందు ఒక చిన్న లెక్క. మీ ఆర్‌వీ, అంటే లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి ప్రయాణాల బండి, ఏడాదిలో ఎన్ని రోజులు రోడ్డు మీద ఉంటుంది? చేతులెత్తక్కర్లేదు, మనసులోనే చెప్పుకోండి. 30 రోజులా? 60 రోజులా? బాగా తిరిగేవాళ్ళకి 90 అనుకుందాం. మరి మిగిలిన 275 రోజులు బండి ఎక్కడుంది? నిలబడి ఉంది. ఎండలోనో, చెట్టు కిందో, షెడ్డులోనో, ఎక్కడో ఒక చోట ఊరికే నిలబడి ఉంది. రోడ్డు మీద రాయి ఎగిరి తగిలితే చుక్క పడుతుంది, కొమ్మ రాసుకుంటే గీత పడుతుంది, అది మనకి తెలుస్తుంది. కానీ రంగు వెలిసిపోవడం, తెల్లగా పొడి రాలడం, పొరలు లేవడం ఉన్నాయి చూశారూ, ఇవన్నీ బండి నిలబడి ఉన్నప్పుడు జరిగేవి. మనం చూడనప్పుడు జరిగేవి. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మనం చూడనప్పుడు.

నా మోటార్‌హోమ్ సంగతి చెప్తాను. సిగ్గుపడాల్సిన కథే, అయినా చెప్తాను. ఒక పెద్ద ప్రయాణం ముగించుకుని ఒళ్ళు హూనమై తిరిగొచ్చాం. బండి ముందు భాగమంతా పురుగులు అంటుకుని ఉన్నాయి. చక్రాల పైన బురద. రేపు కడుగుదాం అనుకున్నాను. రేపు వాన. ఎల్లుండి ఆఫీసు. చివరికి ఒక నీలం టార్పాలిన్ తెచ్చి, బండి మీద కప్పి, తాళ్ళతో బిగించి, చేతులు దులుపుకున్నాను. ఎంత నిశ్చింతగా అనిపించిందో! ఇక దీనికి ఎండ లేదు, వాన లేదు అనుకున్నాను. 7 నెలలు అటువైపు వెళ్ళలేదు.

విప్పి చూస్తే ఏముంది? పైకప్పు మూలల దగ్గర టార్పాలిన్ గాలికి కొట్టుకుని కొట్టుకుని రంగు అరిగిపోయింది, కింద బూడిద రంగు ప్రైమర్ కనిపిస్తోంది. తాడు దూర్చే ఇత్తడి రింగు ఒకటి ఊడి, పక్క గోడ మీద ఊగుతూ ఊగుతూ ఒక చాపం గీసింది. నవ్వకండి, నిజంగానే, చిన్నప్పుడు వృత్తలేఖినితో గీసేవాళ్ళం చూడండి, అంత శుభ్రంగా గీసింది. కింది భాగంలో తేమ నిలిచి పచ్చగా నాచు. ముందు వైపు పురుగులు ఎండి రాలిపోయాయి గానీ వాటి ఆకారాలు మాత్రం రంగులో ముద్ర కొట్టినట్టు ఉండిపోయాయి. కవర్ వెయ్యకుండా వదిలేసి ఉంటే కూడా ఇంత పాడయ్యేది కాదు. పైన పటారం, లోన లొటారం అంటారే, అలా ఉంది నా నిర్వాకం.

అప్పటినుంచి నాకు ఒకటే అనుమానం. మనం కవర్ వేసేది బండి కోసమా, మన మనశ్శాంతి కోసమా? కవర్ వేశాం కాబట్టి ఇక చూడక్కర్లేదు అనుకుంటాం. ఆ చూడకపోవడంతోనే సగం నష్టం. ఇవాళ నేను చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

సరే, అసలు రంగు అంటే ఏమిటో ముందు చూద్దాం. అన్ని బండ్ల మీదా ఉన్నది ఒకటే రంగు కాదు. కొన్నింటికి ఫైబర్‌గ్లాస్ గోడ మీద జెల్‌కోట్ ఉంటుంది. అది గోడతో పాటే అచ్చులో పోసిన పొర, సుమారు అర మిల్లీమీటరు మందం. కొన్నింటికి కార్లకి వేసినట్టే రంగు వేసి పైన క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పొర, వేస్తారు. ఆ క్లియర్ కోట్ ఎంత మందం ఉంటుందనుకుంటున్నారు? సుమారు 50 మైక్రాన్లు. అంటే జెల్‌కోట్‌లో పదో వంతు. మీ తల వెంట్రుక మందం కన్నా తక్కువే ఉండొచ్చు. ఇంకొన్ని బండ్లకి అల్యూమినియం రేకు మీద రంగు. మీది ఏదో తెలియకపోతే ఒక చిన్న ఉపాయం ఉంది. ఎవరికీ కనపడని మూలలో ఒక తెల్ల గుడ్డ మీద కొంచెం పాలిష్ పెట్టి రుద్దండి. గుడ్డకి బండి రంగు అంటుకుందంటే పైన క్లియర్ కోట్ లేదన్నమాట. తెల్ల బండికి ఈ ఉపాయం పనిచెయ్యదు, అది వేరే సంగతి. దానికి నల్ల గుడ్డ తీసుకోండి.

ఎందుకు ఇదంతా తెలియాలి? ఎందుకంటే జెల్‌కోట్ వెలిసిపోతే, పై పొరని పాలిష్‌తో తీసేసి కింది మంచి పొరని బయటికి తెచ్చుకోవచ్చు. మందం ఉంది కదా. క్లియర్ కోట్ అలా కాదు. దాన్ని పాలిష్ చేసిన ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు పోతాయి. మళ్ళీ రావు. అది బ్యాంకులో డబ్బు లాంటిది కూడా కాదండీ, వడ్డీ రాదు, తీసుకోవడమే. ఏటా మెరుపు కోసం మిషన్ పెట్టి రుద్దించేవాళ్ళు నాకు తెలుసు. నాలుగైదేళ్ళు అద్దంలా మెరిసింది. ఆ తర్వాత పైకప్పు అంచున తెల్లటి మచ్చ మొదలైంది, అది పొరలుగా లేచింది. ఇక దానికి మందు లేదు.

ఇప్పుడు ఎండ సంగతి. వేడి ఒకటి, వెలుగు ఒకటి. మనం వేడిని చూసి భయపడతాం, కానీ రంగుని తినేది ముఖ్యంగా వెలుగులో ఉన్న అతినీలలోహిత కిరణాలు. నేల మీదికి చేరేవి సుమారు 290 నుంచి 400 నానోమీటర్ల మధ్యవి. రంగులో రెండు ముఖ్యమైన వస్తువులు ఉంటాయి కదా, రంగు పొడి ఒకటి, ఆ పొడిని పట్టుకుని ఉంచే రెజిన్ ఒకటి. ఈ కిరణాలు రెజిన్ గొలుసులని తెంపుతాయి. పట్టుకునేది పోయాక పొడి ఏం చేస్తుంది? పైకి తేలుతుంది. మీరు బండి పక్కన నిలబడి ఆనుకుంటే చొక్కాకి తెల్లగా సున్నం అంటుకున్నట్టు అంటుకుంటుంది చూశారా, అది దుమ్ము కాదు. అది మీ బండి రంగే.

ఇక్కడ ఒక తమాషా ఉంది. తెల్ల రంగుల్లో వాడే టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి ఎండ తగిలితే తన చుట్టూ ఉన్న రెజిన్‌ని తానే కుళ్ళబెట్టగలదు. అందుకే బయట వాడే రంగుల కోసం ఆ పొడి రేణువుల మీద సిలికా, అల్యూమినా పూత పూస్తారు. అంటే రంగు లోపలే శత్రువు ఉన్నాడు, వాడికి ముసుగు వేసి ఉంచారు. క్లియర్ కోట్‌లో కూడా ఈ కిరణాలని పీల్చుకునే పదార్థాలు కలుపుతారు. అవి కూడా కాలం గడిచే కొద్దీ అయిపోతాయి. మబ్బు పట్టిన రోజు ఎండ లేదు కదా అనుకోకండి, మబ్బు పల్చగా ఉంటే ఈ కిరణాలు చాలావరకు దాటి వచ్చేస్తాయి.

రంగులు తయారుచేసేవాళ్ళు అమెరికాలో దక్షిణ ఫ్లోరిడాలో, అరిజోనాలో రంగు వేసిన పలకలని బల్లల మీద వరసగా పెట్టి ఏళ్ళ తరబడి ఎండబెడతారు. ఫ్లోరిడా ఎందుకంటే అక్కడ ఎండా ఉంది, తేమా ఉంది. అరిజోనాలో మండే ఎండ, పొడి గాలి. ఆ పలకలు ఎక్కడికీ వెళ్ళవు, ఊరికే ఆకాశం కేసి చూస్తూ పడుంటాయి. ఏం పాడవుతుందో, ఎంత తొందరగా పాడవుతుందో అలాగే తెలుసుకుంటారు. మరి మన బండి ఏం చేస్తోంది? 275 రోజులు అదే పరీక్ష రాస్తోంది, మనం పంపకుండానే.

నమ్మకం లేకపోతే మీ పాత బండి మీద స్టిక్కర్ ఒకటి తీసి చూడండి. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి మెల్లగా లాగండి. స్టిక్కర్ వస్తుంది, అక్షరాలు మాత్రం పోవు! ఎందుకంటే స్టిక్కర్ కింద ఉన్న రంగు కొత్తగా ఉంది, చుట్టూ ఉన్నది వెలిసిపోయింది. పేరు తీసేసినా పేరు చదవొచ్చు. నేను ఎవరి బండినైనా చూసేటప్పుడు ముందు అదే చూస్తాను. ఎంత ఎండ తిన్నదో ఆ అక్షరాలే చెప్తాయి.

కడగడం, ఆరబెట్టడం

ఇక పని దగ్గరికి వద్దాం. నిలిపేముందు చెయ్యాల్సిన వాటిలో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా విసుగు పుట్టించేది కడగడం. వ్యాక్స్ కొనడానికి అందరం పరిగెడతాం. కడగమంటే నడుం నొప్పి.

పైకప్పు నుంచి మొదలుపెట్టాలి. ఇది ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, పక్క గోడల మీద నల్లటి చారలు, తెల్లటి చారలు వస్తాయి కదా, అవి గోడ మురికి కాదు. పైకప్పు మురికి. పైన రబ్బరు కప్పు ఉన్న బండ్లలో ఆ రబ్బరు పొడి రాలుతుంది, వాన నీళ్ళతో కలిసి కిందికి కారుతుంది. పైన కడగకుండా పక్కలు ఎంత తోమినా మొదటి వానకి చారలు మళ్ళీ వస్తాయి. ఒక జాగ్రత్త: ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుతో చేసిన కప్పు అయితే పెట్రోలియం కలిసిన క్లీనర్లు, నిమ్మజాతి నూనెలతో చేసిన క్లీనర్లు వాడకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. ఇంకో జాగ్రత్త మీ కోసం: సబ్బు నీళ్ళున్న కప్పు మీద నిలబడకండి. రంగు మళ్ళీ వేయించుకోవచ్చు, తుంటి ఎముక కష్టం.

షాంపూ అంటే బండ్ల కోసం చేసిన మామూలు షాంపూ చాలు. గిన్నెలు తోమే సబ్బు వద్దు. అది పుట్టిందే జిడ్డు వదిలించడానికి, మీరు వేసిన వ్యాక్స్ కూడా దాని దృష్టిలో జిడ్డే. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో మంచినీళ్ళు. గుడ్డని మంచినీళ్ళలో జాడించాకే మళ్ళీ షాంపూలో ముంచాలి. లేకపోతే ఏమవుతుంది? ఇసుకని గుడ్డలో పెట్టుకుని బండంతా రుద్దుతాం. ప్రెషర్ వాషర్ ఉన్నవాళ్ళు దూరం నుంచే కొట్టండి. కిటికీ రబ్బర్ల లోపలికి, అతుకుల లోపలికి, స్టిక్కర్ అంచుల కిందికి గురిపెట్టకండి. అక్కడ దూరిన నీళ్ళు ఏం చేస్తాయో తర్వాత చెప్తాను.

పురుగులు, పక్షి రెట్టలు గోకకండి. నానబెట్టండి. తడి గుడ్డ వేసి పది నిమిషాలు వదిలేస్తే వాటంతట అవే మెత్తబడతాయి. పక్షి రెట్టలో యూరిక్ యాసిడ్ ఉంటుంది, అది ఒక నష్టం. కానీ దానికన్నా ఒక తిరకాసు ఉంది. ఎండలో క్లియర్ కోట్ కొంచెం మెత్తబడి సాగుతుంది. దాని మీద రెట్ట ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడ్డాక క్లియర్ కోట్ మళ్ళీ బిగుసుకుంటుంది, రెట్ట ఎలా గరుకుగా ఉందో ఆ ఆకారానికే బిగుసుకుంటుంది. కడిగేశాక కూడా అక్కడ మెరుపు ఉండదు, మసకగా మచ్చ కనిపిస్తుంది. అది మచ్చ కాదు, అచ్చు. కాబట్టి రెట్ట కనపడిన రోజే తీసెయ్యాలి. బండిలో ఒక నీళ్ళ సీసా, ఒక మెత్తటి గుడ్డ ఎప్పుడూ ఉంచుకోండి.

చెట్ల జిగురు కూడా ఇంతే. చెట్టు నీడ కదా, చల్లగా ఉంటుంది కదా అని చాలామంది చెట్టు కింద పెడతారు. పైనుంచి జిగురు, పుప్పొడి, రెట్టలు, ఆకుల రసం, గాలికి కొమ్మలు. పేనుబంక పట్టిన చెట్టయితే సన్నటి తీపి బంక చినుకుల్లా రాలుతుంది, దాని మీద నల్ల బూజు పెరుగుతుంది. చెట్టు నీడ మనిషికి మంచిది. బండికి నేను చెప్పను.

కడిగాక ఆరబెట్టండి. నిజంగా ఆరబెట్టండి. నీటిలో సున్నం ఎక్కువుంటే చుక్కలు ఎండిన చోట తెల్లటి గుండ్రటి మరకలు పడతాయి. మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి. అద్దాల వెనక, తలుపు పిడుల కింద, నిచ్చెన కాళ్ళ దగ్గర, సామాన్ల అరల తలుపుల లోపలి అంచుల్లో నీళ్ళు దాక్కుంటాయి. అరల తలుపులన్నీ తెరిచి ఒక రోజు వదిలెయ్యండి. కవర్ ఎప్పుడు వెయ్యాలి అంటే, తెల్లటి టిష్యూ కాగితం అంచుల్లో దూర్చి తీస్తే పొడిగా రావాలి. అప్పుడు.

వ్యాక్స్ దగ్గరికి వచ్చాం. మీరు ఎదురుచూస్తున్నది ఇదే అని తెలుసు. కానీ ఆగండి, వ్యాక్స్ కన్నా ముందు వేలితో ఒకసారి గోడ మీద రుద్దండి. పొడి అంటుకుందా? అంటుకుంటే వ్యాక్స్ వెయ్యకండి. ముందు ఆ పొడిని పాలిష్‌తో తీసేయ్యాలి. పొడి మీద వ్యాక్స్ వేస్తే రెండు వారాలు మెరుస్తుంది, తర్వాత మచ్చలు మచ్చలుగా చాలా అసహ్యంగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

వ్యాక్స్ ఏది? కార్నౌబా అని పేరు విని ఉంటారు. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీంచి తీసే మైనం అది. మైనాల్లో చాలా గట్టిది, కరగాలంటే 82 డిగ్రీల సెల్సియస్ దాటాలి. మెరుపు బాగుంటుంది. కానీ బయట ఎండలో కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు. ఎక్కువ కాలం నిలిపి ఉంచేవాళ్ళకి పాలిమర్ సీలెంట్, అంటే వ్యాక్స్ లాగే పూసే కృత్రిమ పూత, నయం, ఇంచుమించు ఆరు నెలల వరకు ఆగుతుంది. నన్నడిగితే, నిలిపే బండికి మెరుపు ఎవరు చూస్తారు? ఎక్కువ రోజులు ఉండేదే వెయ్యండి. ఒకటి మాత్రం, వ్యాక్స్ గొడుగు కాదు. ఎండని అది పెద్దగా ఆపదు. మురికి, రెట్ట, నీళ్ళు రంగుకి నేరుగా తగలకుండా తాను ముందు అరిగిపోతుంది. అదీ దాని పని.

నీడలో వెయ్యండి, గోడ చేతికి చల్లగా తగలాలి. మీటరు చదరం చొప్పున వేసి తుడుచుకుంటూ వెళ్ళండి. నల్లటి గరుకు ప్లాస్టిక్ భాగాలకి తగలనివ్వకండి, తెల్ల మరక పోదు. మెరుపు లేని మ్యాట్ రంగు ఉన్న బండ్లకి వ్యాక్స్ అసలే వద్దు.

కవర్ అనే దుప్పటి

ఇక కవర్. ఇందాక నా ఘనకార్యం విన్నారు కదా. టార్పాలిన్‌తో రెండు కష్టాలు. ఒకటి, అది ఊపిరి తీసుకోదు. పగలు నేల నుంచి, బండి లోంచి తేమ ఆవిరై పైకి వస్తుంది, రాత్రి రేకు చల్లబడగానే ఆ ఆవిరి టార్పాలిన్ కింద నీళ్ళవుతుంది. పొద్దున్న బయట పొడి, లోపల తడి. రెండోది, గాలి. వదులుగా ఉన్న ఏ గుడ్డయినా గాలికి కొట్టుకుంటుంది. కింద దుమ్ము ఉంటే అది గరుకు కాగితమే. రోజుకి కొన్ని వేలసార్లు రుద్దే గరుకు కాగితం. మనం మనుషుల్ని పెట్టి రుద్దించినా అంత శ్రద్ధగా రుద్దరు.

కాబట్టి గాలి ఆడే గుడ్డతో చేసిన కవర్ కావాలి. చాలావరకు నేయని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ గుడ్డని పొరలు పొరలుగా కలిపి చేస్తారు. పైన, పక్కల చిన్న గాలి కిటికీలు ఉంటే ఇంకా మంచిది. కొలిచి కొనండి. కొలవడం అంటే బండి కాగితాల్లో ఉన్న పొడవు కాదు. వెనక నిచ్చెన, స్పేర్ చక్రం, ముందు బంపర్, పైన ఏసీ, అన్నీ కలిపి టేపు పట్టి కొలవండి. పెద్ద కవర్ అయితే సర్దుకోవచ్చులే అనుకోకండి. చొక్కా పెద్దదైతే సర్దుకోవచ్చు. కవర్ పెద్దదైతే కొట్టుకుంటుంది.

వేసేముందు బండి చుట్టూ ఒకసారి తిరగండి. ఎక్కడెక్కడ మొన తేలి ఉంది? పైకప్పు నీళ్ళు పోయే మూతుల కొనలు, యాంటెన్నా, నిచ్చెన, అద్దాల చేతులు, ఏసీ మూత అంచులు. ప్రతిదానికీ మెత్తటిది ఏదో ఒకటి తొడగాలి. పైపులకి చుట్టే ఫోమ్ గొట్టం చీల్చి పెట్టొచ్చు. పాత టెన్నిస్ బంతి కోసి మూతికి తొడగొచ్చు. నేను పాత సాక్సులు కూడా వాడాను, మా ఆవిడ చాలా సంతోషించింది, ఇన్నాళ్ళకి పనికొచ్చాయని. కానీ టేపుతో రంగు మీద నేరుగా అంటించకండి. రెండు వారాలకైతే శుభ్రంగా ఊడుతుంది గానీ ఆరు నెలలయ్యాక టేపు వస్తుంది, జిగురు రాదు.

కవర్ పట్టీలు బండి కింది నుంచి అటు తియ్యాలి కదా. ఏం చేస్తాం మనం? కట్టు, అంటే బిగించే బకిల్, ఉన్న వైపు పట్టుకుని కింద నుంచి విసురుతాం. అటు వైపు టప్ మని తగులుతుంది. ఎవరైనా నవ్వుతున్నారా? అంటే చేశారన్నమాట. కర్రకి తగిలించి తోయండి, లేదా కట్టుకి గుడ్డ చుట్టి విసరండి. బిగించేటప్పుడు ఎక్కడా సంచిలా వేలాడకూడదు, అలాగని మూలలు చిరిగేంత లాగకూడదు.

ఇప్పుడు ఒక మాట అంటాను, కవర్లు అమ్మేవాళ్ళకి నచ్చదు. చుట్టూ అడ్డం లేని మైదానంలో, ఎప్పుడూ గాలి వీచే చోట బండి పెట్టాల్సి వస్తే కవర్ వెయ్యకండి. శుభ్రంగా కడిగి, సీలెంట్ వేసి, అలాగే వదిలెయ్యండి. ఎండ నెమ్మదిగా తింటుంది, గాలిలో కవర్ తొందరగా తింటుంది. అలాగే కవర్‌కి కూడా ఆయుష్షు ఉంది. అదీ ప్లాస్టిక్కే, రంగుని తినే కిరణాలే దాన్నీ తింటాయి. పైభాగం చేత్తో నలిపితే పొడిగా రాలుతుంటే దాని పని అయిపోయింది. చిరిగిన చోట కుట్టి ఇంకో ఏడాది లాగుదాం అనుకుంటే ఆ చిరుగు అంచే మళ్ళీ రంగు మీద ఆడుతుంది.

పైకప్పు మాత్రమే ఉన్న షెడ్డు దొరికితే నేను కవర్ కన్నా దానికే ఓటేస్తాను. నడినెత్తి ఎండ ఆగిపోతుంది, గుడ్డ రుద్దుడు లేదు, గాలి ఆడుతుంది. పక్కనుంచి ఏటవాలు ఎండ వస్తుంది, దుమ్ము వస్తుంది, రానివ్వండి. అదీ లేదు, బయటే పెట్టాలి అంటే రెండు మూడు నెలలకొకసారి బండిని ముందుది వెనక్కి తిప్పి పెట్టండి. ఎప్పుడూ ఒకే పక్క కాలకుండా ఉంటుంది. రెండు పక్కలూ రెండు రంగులున్న బండ్లు నేను చూశాను, ఒక వైపు ఎరుపు, ఒక వైపు ఇటుక రంగు.

రంగు వెనక నుంచి వచ్చే నష్టం

ఇప్పటిదాకా బయట నుంచి వచ్చేది చెప్పాను. లోపల నుంచి కూడా వస్తుంది, దాని గురించి ఎవరూ ఆలోచించరు. పైకప్పు అతుకుల దగ్గర, కిటికీ చుట్టూ, మూలల పట్టీల కింద సీలెంట్ ఉంటుంది కదా, ఇందాకటి పూత కాదు, సందులు మూసే ముద్ద లాంటిది. అది ఎండి పగులుతుంది. సన్న పగులు చాలు. నీళ్ళు దూరి గోడ లోపలికి దిగుతాయి. ఫైబర్‌గ్లాస్ గోడ అయితే లోపల అంటించిన జిగురు వదిలి గోడ ఉబ్బుతుంది. అరచేత్తో నొక్కండి, లోపలికి వెళ్ళి మళ్ళీ వస్తోందా? వేళ్ళతో తట్టండి, మిగతా చోట్ల ఒక శబ్దం, అక్కడ బోలు శబ్దం వస్తోందా? అయితే అది రంగు సమస్య కాదు, ఎన్ని పాలిష్‌లు పెట్టినా పోదు.

అల్యూమినియం బండ్లలో ఇంకో రకం. స్క్రూ తల దగ్గర, రేకు కోసిన అంచు దగ్గర రంగు కొంచెం లేస్తుంది. అక్కడి నుంచి రంగు కింద సన్నటి దారాల్లా, ఎర్రలు పాకినట్టు గీతలు పాకుతాయి. ఫిలిఫామ్ తుప్పు అంటారు దీన్ని. గాలిలో తేమ, ఉప్పు ఉంటే బాగా పాకుతుంది. సముద్రం పక్కన తిరిగొచ్చిన బండిని అలాగే నిలపకండి, ఆ రోజే మంచినీళ్ళతో అడుగు భాగం కూడా కడగండి.

సీలెంట్ మళ్ళీ వేసేటప్పుడు సిలికాన్ పూయకండి. సిలికాన్ మీద తర్వాత ఇంకేదీ అంటుకోదు, రంగు కూడా అంటుకోదు. పైకప్పుకి, ఆ పదార్థానికి సరిపోయే, తనంతట తాను సమంగా పరుచుకునే సీలెంట్ వేరే ఉంటుంది, అది వాడండి. ఇది రంగు గురించిన ప్రసంగమే, దారి తప్పలేదు. పైన చెంచాడు సీలెంట్ లేక పక్కన గోడంత రంగు పోయిన బండ్లు ఉన్నాయి.

అన్నీ చేశాం, కవర్ వేశాం. ఇప్పుడు? నెలకొకసారి వెళ్ళండి. ఇంకా మంచిది, మొదటి పెద్ద గాలి వీచిన మర్నాడు, మొదటి పెద్ద వాన పడిన మర్నాడు వెళ్ళండి. మొత్తం విప్పక్కర్లేదు. ఒక మూల ఎత్తి చెయ్యి లోపలికి పెట్టండి. తడి తగిలిందా? పట్టీ వదులైందా? తొడిగిన బంతి ఊడిపడిందా? తడి ఉంటే ఎండ రోజు చూసి ఒక పూట విప్పి ఆరనిచ్చి మళ్ళీ వెయ్యండి. పావుగంట పని. ఆ పావుగంట నేను 7 నెలల్లో ఒక్కసారి పెట్టి ఉంటే ఆ చాపం గీత పడేది కాదు.

ఇక ప్రశ్నలు. కాగితాల మీద రాసిచ్చారు, మూడు ఉన్నాయి.

మొదటిది. సిరామిక్ కోటింగ్, అంటే రంగు మీద పూసే గట్టి పారదర్శక పూత, చేయిస్తే కవర్ అక్కర్లేదా అని. సిరామిక్ మంచిదే, ఒకటి రెండేళ్ళు ఆగుతుంది, మురికి తేలిగ్గా వదులుతుంది. కానీ అది కూడా మైక్రాన్ల మందమే. గాలికి కొట్టుకునే కవర్‌ని అది ఆపదు, రెట్టని రోజుల తరబడి ఆపదు. కోటింగ్ వేయించాం కదా అని కడగడం మానేసిన వాళ్ళ బండ్లు కూడా చూశాను. మళ్ళీ అదే మాట, చూడకపోవడం.

రెండోది. క్లియర్ కోట్ ఇప్పటికే పొరలుగా లేస్తోంది, ఏం చెయ్యాలి? అమ్మా, ఎవరు రాశారో గానీ, నిజం చెప్తాను. వ్యాక్స్‌తో, నూనెతో అది దాక్కుంటుంది కొన్నాళ్ళు, ఆగదు. ఆ భాగాన్ని రుద్ది మళ్ళీ రంగు వేయించడమే. వెంటనే కుదరకపోతే ఆ చోట ప్రెషర్ వాషర్ కొట్టకండి, గోరుతో పీకకండి, ముఖ్యంగా కవర్ అక్కడ కదలకుండా చూడండి. లేచిన అంచుని గుడ్డ పట్టుకుని లాగితే అరచేయంతది గంపంత అవుతుంది.

మూడోది, స్టిక్కర్లు పగిలిపోతున్నాయి, వాటికీ వ్యాక్స్ వెయ్యొచ్చా? పగిలాక వద్దు, పగుళ్ళలో తెల్లగా దిగి ఇంకా అసహ్యంగా ఉంటుంది. తీసేసి కొత్తవి వేయించండి. తీశాక పాత అక్షరాలు రంగులో కనిపిస్తాయని చెప్పాను కదా, అందుకే కొత్తది పాతదానికన్నా కొంచెం పెద్దదిగా చేయించుకోండి.

సమయం అయిపోయిందని ముందు కూర్చున్నాయన వాచీ చూపిస్తున్నారు. నా బండి బయటే నిలబెట్టాను, ఆ టార్పాలిన్ బండే. మూలలన్నీ మళ్ళీ రంగు వేయించాను గానీ కుడి పక్కన, తలుపు వెనక, ఆ చాపం గీతని అలాగే ఉంచేశాను. వెళ్ళేటప్పుడు చూసి వెళ్ళండి. చేత్తో తాకి చూడండి, పర్వాలేదు. ఉంగరాలు మాత్రం తీసేసి తాకండి.